తూకం మారింది, పేరు మారలేదు

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. జీడిపప్పు వ్యాపారులకు బిల్లింగు ప్రోగ్రాములు రాసి ఇస్తుంటాను. నాలుగేళ్ల క్రితం తూకం, పన్ను, తెలుగు–ఒడియా పేర్లు చూసుకునే కోడ్ అంతా విడదీసి ఒక పైథాన్ లైబ్రరీగా (ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ మూటగా) చేసి, అలాంటి లైబ్రరీలను అందరికీ అందించే పై.పి.ఐ. అనే వెబ్‌సైటులో పెట్టాను. ఇప్పుడు దాన్ని ఏడు ప్రోగ్రాములు వాడుతున్నాయి. మూడు నావి, మిగతా నాలుగు బరంపురం, పలాస, గుణుపురంలో ఉన్న స్నేహితులవి. అందులో తూకం() అనే ఫంక్షన్ మొదటి నుంచీ క్వింటాళ్లను దశాంశాల్లో ఇచ్చేది. పైసల్లో తేడాలు వస్తున్నాయని గత నెల 1.4.3 వెర్షన్‌లో దాన్ని గ్రాముల్లో పూర్ణసంఖ్య ఇచ్చేలా మార్చాను. మార్చబోతున్నానని ఆరు నెలల ముందే కోడ్‌లో డిప్రికేషన్ హెచ్చరిక (‘ఇది పాతబడింది, ఇక వాడవద్దు’ అని చెప్పేది) పెట్టాను. ఒక్కరూ పట్టించుకోలేదు. పలాసలో ఒక షాపులో 80 కేజీల బస్తాకు ఎనభై వేల క్వింటాళ్ల బిల్లు వచ్చింది. అందరూ నా మీద పడ్డారు. గుణుపురం మిత్రుడిది ఇంకో గొడవ: లోపం వచ్చినప్పుడు కనిపించే సందేశంలో ఒక అక్షరదోషం దిద్దితే అతని ప్రోగ్రాము ఆగిపోయింది. మా సీనియర్ ఒకాయన ‘ఒకసారి బయట పెట్టిన ఇంటర్‌ఫేస్‌ను ఇక ముట్టుకోకూడదు’ అంటున్నారు, అంటే ఇతరులు పిలిచే ఫంక్షన్ల పేర్లను, అవి ఇచ్చే విలువలను. నిజమేనా? అసలు తప్పు నాదా, వాళ్లదా? పాత ఫంక్షన్లను ఎప్పుడు తీసేయవచ్చు?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా

సమాధానం: తప్పు మీదే. అంటే మొత్తం మీదేనని కాదు, కానీ పెద్ద వాటా మీదే. ఎందుకో చెబుతాను. అంతకు ముందు చేయవలసిన పని ఒకటి ఉంది.

పై.పి.ఐ.లో 1.4.3ను ‘యాంక్’ చేయండి, అంటే వెనక్కి తీసుకున్నట్టు గుర్తు పెట్టండి. డిలీట్ చేయవద్దు. డిలీట్ చేస్తే సరిగ్గా ఆ వెర్షనే కావాలని రాసుకున్నవాళ్ల ఇన్‌స్టలేషన్ ఆగిపోతుంది, ఆ ఫైలు పేరును మీరు మళ్లీ వాడుకోనూ లేరు. యాంక్ చేస్తే అలా రాసుకున్నవాళ్లకు అది దొరుకుతూనే ఉంటుంది, మిగతావాళ్లకు ఇవ్వకుండా, లైబ్రరీలను ఎక్కించే పనిముట్టు పిప్ దాన్ని దాటేసి పోతుంది. తర్వాత 1.4.2లో ఉన్న తూకం()ను అక్షరం మార్చకుండా తెచ్చి 1.4.4గా విడుదల చేయండి. ఇప్పటికే 1.4.3 ఎక్కించుకున్నవాళ్లు పైకి వెళ్లగలరు గాని, తమంతట తాము వెనక్కి రారు. అందుకే కొత్త అంకె కావాలి. ఇందులో ఒక చిక్కు ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు పంచాయితీ.

క్వింటాళ్ల నుంచి గ్రాములకు మారాలన్న మీ ఆలోచన మంచిదే. దశాంశాలతో లెక్క వేస్తే పైథాన్‌లో 0.1కి 0.2 కలిపినప్పుడు 0.30000000000000004 వస్తుంది. అలాంటి తోకలు వంద బస్తాల చిట్టాలో పైసలుగా పైకి తేలతాయి. పూర్ణసంఖ్యల్లో ఆ బాధ లేదు. మీరు చెడగొట్టింది లెక్కను కాదు, పేరును. తూకం() అంటే క్వింటాళ్లని నాలుగేళ్లుగా ఏడు ప్రోగ్రాములు నమ్మి ఉన్నాయి. పేరు అదే ఉంచి అర్థం మార్చారు. పలాస ప్రోగ్రాము 80,000ను క్వింటాళ్లే అనుకుని ధరతో గుణించింది. దానికి వేరే దారేముంది?

తేడా లక్ష రెట్లు కావడం మీ అదృష్టం. ఎనభై వేల క్వింటాళ్లంటే కౌంటరు మీది కుర్రవాడికి కూడా నవ్వొస్తుంది, ఆ బిల్లు గడప దాటదు. అదే మీరు అంకెను సవరించే పద్ధతిని, అంటే అరపైసాను పైకి వేయాలా కిందికి వేయాలా అన్నదాన్ని చప్పుడు లేకుండా మార్చి ఉంటే? బిల్లులు చూడ్డానికి బాగానే ఉండేవి. ఏడాది చివర ఆడిటరు పట్టుకునేదాకా ఎవరికీ తెలిసేది కాదు. నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక జాబితా ఫంక్షన్‌లో వరుస మార్చాను, ‘మెరుగుపరిచాను’ అనుకుని. విద్యార్థుల పేర్లు ఒక వరుసలో, ఫీజులు ఇంకో వరుసలో వచ్చాయి. ప్రతి రశీదూ విడిగా చూస్తే సరిగ్గానే ఉంది. అది బయటపడేసరికి రెండు వందల రశీదులు పంచేశారు. ఇప్పటికీ బరంపురంలో ఆ కళాశాల ముందు నుంచి వెళ్లాలంటే తల దించుకునే వెళతాను.

దీన్ని ఎలా చేయాలో మీ లైబ్రరీలోనే రాసి ఉంది. పన్నుల భాగంలో రాష్ట్రాల కోడ్‌ల పట్టిక తెరవండి. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మీకు 21, పలాస షాపుకు 37. ఆ పట్టికలో 28 అని కూడా ఒకటి ఉంటుంది, విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణకు కొత్తగా 36 వచ్చింది, సరే. కానీ మిగిలిన భాగం పేరు ఆంధ్రప్రదేశే కదా, 28నే వాడుకోవచ్చు కదా? వాడుకోలేదు, 37 ఇచ్చారు. పేరు అదే అయినా హద్దులు మారాయి. 28నే కొనసాగించి ఉంటే పాత లెడ్జరులో ఆ అంకె కనబడ్డ ప్రతిచోటా తేదీ చూసి, అందులో వరంగల్ కలిసి ఉందా లేదా అని తేల్చుకోవలసి వచ్చేది. అర్థం మారింది కాబట్టి అంకె మారింది, పాత అంకె పాత అర్థంతోనే మిగిలిపోయింది.

దీన్ని తిరగేసిన ఉదాహరణ మీ వీధిలో తిరుగుతోంది. 2011లో మన రాష్ట్రం పేరు ఒరిస్సా నుంచి ఒడిశా అయింది. మరుసటి ఏడు బండ్ల నంబర్లు ‘ఓఆర్’ పోయి ‘ఓడీ’తో మొదలయ్యాయి. ఇక్కడ అర్థం మారలేదు, పేరే మారింది. పాత ‘ఓఆర్’ బండ్లను ఆపి ప్లేటు పీకించలేదు. కొత్త బండికి కొత్త పేరు, పాత బండికి పాత పేరు, రోడ్డు మీద రెండూ చెల్లుతాయి. మీ లైబ్రరీలో బండి నంబరు తనిఖీ చేసే ఫంక్షన్ ఉంటే అది రెండింటినీ ఒప్పుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి. నేను చూసిన రెండు మూడు ప్రోగ్రాములు ఒప్పుకోవు!

కాబట్టి తూకం() క్వింటాళ్లనే ఇస్తూ ఉండనివ్వండి. పక్కన తూకం_గ్రాముల్లో() అని కొత్తది పెట్టండి. అసలు లెక్క కొత్తదానిలో ఉంటుంది. పాతది దాన్ని పిలిచి, వచ్చినదాన్ని లక్షతో భాగించి ఇస్తుంది. రెండు లైన్ల పని. ఈ పని ఆరు నెలల క్రితమే చేసి ఉంటే ఈ ఉత్తరం వచ్చేది కాదు.

ఆ ఆరు నెలల హెచ్చరిక సంగతి చూద్దాం. ‘ఒక్కరూ పట్టించుకోలేదు’ అని రాశారు. పట్టించుకోకపోవడం కాదు, వాళ్లు దాన్ని చూడనే లేదు. పైథాన్ ఈ డిప్రికేషన్ హెచ్చరికలను మామూలుగా దాచేస్తుంది. ప్రోగ్రాము వాడే మామూలు మనిషికి అవి అనవసరమని వెర్షన్ 3.2 నుంచి అలా పెట్టారు. 3.7 నుంచి కొంచెం సడలించారు: నేరుగా నడిపిన ఫైలులోనే ఆ పిలుపు ఉంటే చూపిస్తుంది. మీ స్నేహితుల కోడ్ నాలుగైదు ఫైళ్లలో ఉంటుంది కాబట్టి అదీ కనబడదు. పైగా హెచ్చరిక ఇచ్చేటప్పుడు స్టాక్‌లెవెల్ 2 అని రాశారా? రాయకపోతే ఆ హెచ్చరిక మీ లైబ్రరీలోని లైనును చూపిస్తుంది, పిలిచినవాడి లైనును కాదు. అప్పుడు నేరుగా నడిపిన ఫైలు నుంచి పిలిచినా సరే, అది లైబ్రరీ లోపలి సంగతి అనుకుని పైథాన్ దాచేస్తుంది. అంటే ఆరు నెలల పాటు మీరు తలుపులు మూసిన గదిలో దండోరా వేశారు.

బిల్లు కౌంటరు మీద ఎర్రక్షరాలు కనబడితే షాపువాళ్లు కంగారు పడతారు కాబట్టి తెర మీదికి తేవడం కూడా మంచిది కాదు. లాగ్ ఫైలులోకి పంపండి, ఒక రోజుకు ఒక్కసారి. స్నేహితులకు మాత్రం చెప్పండి: పరీక్షలు నడిపేటప్పుడు పైటెస్ట్ అనే పనిముట్టు వాడితే ఈ హెచ్చరికలు చివర్లో అవే కనబడతాయి. హెచ్చరికలన్నిటినీ లోపాలుగా మార్చే ఆప్షన్ పైథాన్‌లోనే ఉంది, దాన్ని పెడితే పాత పిలుపు దగ్గర పరీక్ష ఆగిపోతుంది. సందేశం కూడా ‘ఈ ఫంక్షన్ డిప్రికేట్ అయింది’ అని ఊరుకుంటే సగం పనే. నేనైతే ఇలా రాస్తాను: ‘తూకం() క్వింటాళ్లలో ఇస్తుంది. దీని బదులు తూకం_గ్రాముల్లో() వాడండి. అది గ్రాముల్లో ఇస్తుంది కాబట్టి ధరతో గుణించే ముందు 1,00,000తో భాగించండి. తూకం() 2.0లో ఉండదు.’ చదివినవాడు ఇంకో చోట వెతకనక్కరలేకుండా అక్కడికక్కడే దిద్దుకోగలగాలి.

హెచ్చరిక కనబడి ఉన్నా, అది చూసి వాళ్లు చేయగలిగింది ఏముంది? ‘తూకం() మారబోతోంది’ అన్నారు, గ్రాముల ఫంక్షన్ అప్పటికి లేదు. ఎక్కడికి వెళ్లాలి? మా మేనత్తది కాశీనగరం. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు మీకు గుర్తుండకపోవచ్చు. మీ పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. బ్రాడ్ గేజ్ వేస్తామని 2004లో దాన్ని ఆపారు. కొత్త రైలు పర్లాకిమిడికి 2010లో వచ్చింది, గుణుపురానికి 2011లో. ఆ ఏడేళ్లూ మా అత్త ఊరికి బస్సే గతి, సామాన్లతో, పిల్లలతో. అయితే పాత కట్ట మీదే పట్టాల వెడల్పు మార్చేటప్పుడు రెండు రైళ్లూ నడపడం కుదరదు, అది వాళ్ల ఇబ్బంది. మీకు ఆ ఇబ్బంది లేదు. కోడ్‌లో రెండు పట్టాలూ పక్కపక్కనే ఎంతకాలమైనా ఉంటాయి. కొత్తది నడిచాకే పాతదానికి నోటీసు అంటించాలి.

వెర్షన్ అంకె గురించి ఒక్క మాట. మూడు అంకెల పద్ధతికి టామ్ ప్రెస్టన్-వెర్నర్ ఒక నియమావళి రాశారు: పాత కోడ్‌ను విరిచే మార్పు చేస్తే మొదటి అంకె, విరగకుండా కొత్తది చేరిస్తే రెండోది, లోపం దిద్దితే మూడోది పెంచాలి. మీరు 1.4.2ను 1.4.3 చేశారు. అంటే ‘చిన్న లోపం దిద్దాను, నిశ్చింతగా తీసుకోండి’ అని రాసి సంతకం పెట్టినట్టే. ఆ సంతకం నమ్మి పలాస కంప్యూటర్ దాన్ని తీసుకుంది.

గుణుపురం మిత్రుడిది విచిత్రమేమీ కాదు. వాడేవాళ్లు తగినంత మంది ఉంటే, మీరు రాసిపెట్టిన ఒప్పందం ఏదైనా, మీ కోడ్‌లో బయటికి కనబడే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారని గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ గమనించారు, దాన్ని ఆయన పేరుతోనే సూత్రమంటారు. దీనికి నాకు ఇష్టమైన కథ లైనక్స్‌ది. మెమ్‌కాపీ అని సీ భాషలో ఫంక్షన్ ఉంది, ఒక చోటి బైట్లను ఇంకో చోటికి కాపీ చేస్తుంది. ఆ రెండు చోట్లూ ఒకదాని మీద ఒకటి పడకూడదని దాని నియమం. చాలామంది ఆ నియమం తప్పినా పని జరిగిపోయేది, ఎందుకంటే అప్పటి కోడ్ ముందు నుంచి వెనక్కి వరుసగా కాపీ చేసేది. 2010 ప్రాంతంలో వేగం కోసం జీలిబ్‌సీ (లైనక్స్‌లో సీ భాషకు ఆధారమైన లైబ్రరీ) వాళ్లు కొన్ని ప్రాసెసర్ల మీద వెనుక నుంచి ముందుకు కాపీ చేయడం మొదలుపెట్టారు. ఫ్లాష్ ప్లేయర్‌లో పాటలు గరగరలాడాయి. నియమం ప్రకారం తప్పు ఫ్లాష్‌ది. కానీ ఇంట్లో పాట వింటున్నవాడికి నియమంతో పనేముంది? లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కూడా వాడుకరుల పక్షమే మాట్లాడారు. చివరికి 2.14 వెర్షన్‌లో జీలిబ్‌సీ వాళ్లు చేసింది చూడండి: పాత ప్రోగ్రాములకు పాత ప్రవర్తన ఉన్న మెమ్‌కాపీ, కొత్తగా కట్టిన ప్రోగ్రాములకు కొత్త మెమ్‌కాపీ, ఒకే లైబ్రరీలో రెండూ, వెర్షన్ గుర్తుతో వేరు చేసి.

మీ మిత్రుడు సందేశంలోని మాటలు ఎందుకు వెతికాడు? తూకం సున్నా వచ్చిందా, మిషను తీగ ఊడిందా అని తెలుసుకోవడానికి అతనికి ఇంకో దారి మీరు ఇవ్వలేదు. ఆ రెండు లోపాలకూ రెండు వేర్వేరు ఎక్సెప్షన్ క్లాసులు (పేరుతో గుర్తుపట్టగల లోపాల రకాలు) ఇవ్వండి. అంతదాకా ఆ అక్షరదోషాన్ని తిరిగి పెట్టేయండి. సిగ్గుపడనక్కరలేదు. వెబ్‌లో ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే ‘రెఫరర్’ అనే శీర్షికలో ఇంగ్లీషు స్పెల్లింగు తప్పు. 1990లలో పడిన ఆ తప్పు ఇప్పటికీ ప్రతి బ్రౌజరులోనూ అలాగే ఉంది.

ఇక మీ సీనియర్ మాట. ఆయన చెప్పింది కొన్ని చోట్ల అక్షరాలా నిజం. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఒడియా అక్షరాల అధికారిక పేర్లు ఇప్పటికీ ‘ఒరియా’ అనే మొదలవుతాయి. రాజ్యాంగంలో మారినా అక్కడ మారవు, ఎందుకంటే ఒకసారి పెట్టిన పేరు ఎన్నటికీ మార్చబోమని వాళ్లు మాట ఇచ్చారు. లోకంలో రాసిన ప్రతి పత్రం దాని మీద నిలబడి ఉంది. మీ లైబ్రరీ మీద ఏడు ప్రోగ్రాములు నిలబడి ఉన్నాయి. ఇక్కడే ఆయనతో నాకు పేచీ. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే పనిముట్టు రాశారు. అందులో ఆదేశం ఉన్న ప్రతి లైనూ ట్యాబ్‌తో మొదలవ్వాలి, ఖాళీలు పెడితే కుదరదు. అది తప్పని ఆయనకు కొద్ది వారాల్లోనే తెలిసింది. కానీ అప్పటికే పది పన్నెండు మంది వాడుతున్నారని, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక వదిలేశారు. ఆ పది పన్నెండు మందిని కాపాడినందుకు ఇప్పటికీ లోకం మొత్తం ట్యాబ్‌తో తంటాలు పడుతోంది. మీరు ఇప్పుడు ఆ పన్నెండు మంది దశలో ఉన్నారు. మార్చవలసింది ఏదైనా ఉంటే ఇప్పుడే మార్చండి.

ఎలాగంటారా? హెచ్చరికలు, గడువులు అన్నీ ముఖం తెలియని వాడుకరుల కోసం. మీకు ఏడు ప్రోగ్రాములూ తెలుసు. మూడు ప్రోగ్రాములు మీవే. మిగతా నాలుగు కోడ్‌లూ అడిగి తెప్పించుకుని, తూకం( అని ఉన్న ప్రతిచోటా మీరే మార్చి, వాళ్ల పరీక్షలు నడిపి, తిరిగి పంపండి. ఒక ఆదివారం పని. ఈ లెక్కన 2.0లో తూకం()ను నిశ్చింతగా తీసేయవచ్చు.

తీయకపోయినా నష్టం లేదనేదే నా అభిప్రాయం. జావాలో తేదీకి చెందిన కొన్ని ఫంక్షన్లను 1997లో వద్దన్నారు, ఈ రోజుకీ అక్కడే ఉన్నాయి, ఎవరికీ అడ్డం రాలేదు. పైథాన్‌తో వచ్చే కలెక్షన్స్ అనే భాగంలోని కొన్ని పేర్లను 2012లో వేరే చోటికి మార్చారు, పాత దారి 2021లో గాని మూయలేదు. మధ్యలో ఒకసారి మూయబోయి, ఇంకా చాలామంది అటే నడుస్తున్నారని ఒక వెర్షన్ వాయిదా వేశారు. తీసి తీరవలసినవి వేరే ఉంటాయి. సీ భాషలో గెట్స్ అనే ఫంక్షన్ ఉండేది, వచ్చిన లైను ఎంత పొడవున్నా ఆపకుండా మెమరీలో పోసేది. 1988లో ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాము దూరిన కంతల్లో అదొకటి. దాన్ని జాగ్రత్తగా వాడే మార్గమే లేదు కాబట్టి 2011 ప్రమాణంలో తీసిపారేశారు. మీ తూకం() అలాంటిది కాదు, పాతదైందంతే.

ఇంకో చిన్న సంగతి, మీ ఉత్తరంలో పక్కకు పోయింది. బస్తా అంటే 80 కేజీలని ఫంక్షన్ లోపల రాసేశారని ఊహిస్తున్నాను. జీడిపిక్కలకు సరే. రేపు గుణుపురంలో వడ్ల వ్యాపారి వాడితే? అప్పుడు మీరు ఆ 80ని 50 చేస్తే ఇదే గొడవ మళ్లీ వస్తుంది, డిఫాల్టు విలువ కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమే. కొత్త ఫంక్షన్‌లో బస్తా బరువుకు డిఫాల్టే పెట్టకండి. పిలిచేవాడు పేరుతో సహా రాసి పంపాలి. పైథాన్‌లో పారామీటర్ల మధ్య ఒక నక్షత్రం గుర్తు పెడితే ఆ తర్వాతివన్నీ పేరు చెప్పే పంపాలి. వరుస తారుమారయ్యే ప్రమాదం కూడా తప్పుతుంది.

మొదట ఆపిన చిక్కు: ఈ నెల రోజుల్లో ఎవరైనా 1.4.3తో సర్దుకుని, తమ కోడ్‌లో లక్షతో భాగించుకుని ఉంటే, మీ 1.4.4 రాగానే వాళ్ల బిల్లు లక్షో వంతు అవుతుంది. కాబట్టి 1.4.4 పెట్టక ముందే నలుగురికీ ఫోను చేసి, ‘తూకం() వచ్చిన తర్వాత ఏమైనా భాగించారా?’ అని అడగండి. భాగించినవాళ్లు ప్రస్తుతానికి 1.4.3 అని సరిగ్గా రాసుకోమనండి, యాంక్ చేసినా వాళ్లకు దొరుకుతుంది. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని కంప్యూటర్ ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్లతో కూడా 1.4.2 అని రాయించండి. అప్‌డేట్ చేయనంత కాలం దానికి ఏమీ కాదు. హార్డ్ డిస్క్ పోయి అన్నీ మళ్లీ ఎక్కించిన రోజున పిప్ సరికొత్తది తెచ్చి పెడుతుంది. పలాస ఆయనకు ఉదయమే చేయండి, తూకాలు మొదలైతే ఫోను ఎత్తరు.